ఆర్థిక సమాచార రక్షణ: భారతదేశం

వ్యక్తులకు, వ్యాపార సంస్థలకు చెందిన ఖాతా వివరాలు, గుర్తింపు పత్రాలు, రహస్య సంఖ్యలు మోసగాళ్ల చేతికి చిక్కకుండా చూసుకోవడం ఆర్థిక సమాచార రక్షణలో ఒక భాగం. చిక్కినా వాటితో ఖాతా ఖాళీ చేయలేని ఏర్పాటు చేసుకోవడం రెండో భాగం. మొదటి దాని గురించి బ్యాంకులు, పోలీసులు రోజూ చెబుతూనే ఉంటారు. రెండో దాన్ని పట్టించుకునేవారు తక్కువ. భారతదేశంలో ఈ రెండో దానికే విలువెక్కువ. సిమ్ కోసం ఇచ్చిన ఆధార్ జిరాక్సు, లాడ్జిలో గది తీసుకున్నప్పుడు అప్పగించిన నకలు, పొలం అమ్మినప్పుడు దస్తావేజు మీద వేసిన వేలిముద్ర, షాపింగ్ మాల్‌లో లక్కీ డ్రా చీటీ మీద రాసిన ఫోన్ నంబరు, ఇవన్నీ మనిషి చేయి దాటి ఏళ్లయింది. వాటిని వెనక్కి తెచ్చుకునే మార్గం లేదు.

యూపీఐ 2016లో మొదలైంది. టీకొట్టు నుంచి బంగారం దుకాణం దాకా చెల్లింపులు ఫోన్‌లోకి మారాయి, మోసగాళ్లూ వాటి వెంటే వచ్చారు. కేంద్ర హోం శాఖ లోక్‌సభకు ఇచ్చిన లెక్కల ప్రకారం సైబర్ మోసాల్లో దేశ ప్రజలు 2023లో సుమారు 7,465 కోట్ల రూపాయలు పోగొట్టుకున్నారు. 2024లో ఆ మొత్తం 22,845 కోట్లు దాటింది. ఇవి ఫిర్యాదు దాకా వచ్చిన లెక్కలు మాత్రమే. పరువు పోతుందని నోరు మూసుకున్నవారు ఇందులో లేరు.

ఆనవాళ్లు, తాళంచెవులు

ఆర్థిక సమాచారమంతా ఒకే రకం కాదు. పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, పాన్, ఆధార్ సంఖ్య, ఖాతా సంఖ్య, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మనిషిని గుర్తుపట్టే ఆనవాళ్లు. పిన్, ఓటీపీ, కార్డు వెనకాల ఉండే మూడంకెల సీవీవీ, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ తాళంచెవులు. ఆనవాళ్లు నలుగురికీ తెలిసినంత మాత్రాన డబ్బు పోకూడదు. తాళంచెవి ఒక్కరికి తెలిసినా పోతుంది. మోసగాడు ఫోన్‌లో మొదట ఆనవాళ్లు అప్పజెప్పి నమ్మకం సంపాదిస్తాడు, ఆ తరవాత తాళంచెవి అడుగుతాడు. 'నా ఆధార్ చివరి నాలుగంకెలు చెప్పాడండీ, బ్యాంకువాళ్లే అనుకున్నాను' అన్నదే బాధితులు పోలీసు స్టేషన్లలో చెప్పే మాట. నాలుగంకెలు తెలిసినవాడు బ్యాంకువాడే అయి ఉండనక్కర్లేదు.

ఈ తేడాను రిజర్వు బ్యాంకు మొదట కార్డుల విషయంలో అమలు చేసింది. 2009 ఆగస్టు నుంచి ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు అదనపు ధ్రువీకరణ తప్పనిసరైంది. 2020 అక్టోబరు తరవాత ఇచ్చిన కార్డులు మొదట దేశంలోని ఏటీఎంలు, దుకాణాల యంత్రాల మీద మాత్రమే పనిచేస్తాయి. ఆన్‌లైన్, విదేశీ వాడకాన్ని ఖాతాదారు కావాలనుకుంటేనే తెరుచుకోవాలి. 2022 అక్టోబరు నుంచి వ్యాపార సంస్థలు కార్డు సంఖ్యను తమ దగ్గర దాచుకోవడం మానేసి, దాని బదులు టోకెన్ వాడుతున్నాయి. ఒక అమ్మకపు వెబ్‌సైటు సమాచారం బయటపడితే వెళ్లేది ఆ టోకెనే, అది వేరేచోట చెల్లదు. అవసరం లేనప్పుడు విదేశీ వాడకాన్ని మూసి ఉంచడం, ఆన్‌లైన్ పరిమితిని నెల ఖర్చుకు సరిపడా తగ్గించుకోవడం బ్యాంకు యాప్‌లో రెండు నిమిషాల పని. చేసేవాళ్లు మాత్రం తక్కువ.

ఫోన్ నంబరు ఆనవాలే అయినా ఓటీపీ దానికే వస్తుంది కనుక సగం తాళంచెవి అయిపోయింది. బాధితుడి పేరుతో కొత్త సిమ్ తీసుకుని ఓటీపీలు రాబట్టే సిమ్ స్వాప్ మోసం అందుకే పుట్టింది. సిమ్ మార్చిన ఏడు రోజుల దాకా నంబరును వేరే కంపెనీకి మార్చుకోకుండా 2024 జూలై 1 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమం పెట్టింది. ఒకరి పేరున ఎన్ని సిమ్‌లు నడుస్తున్నాయో చూపించే సేవ 2021లో మొదట ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వినియోగదారులకు అందుబాటులోకి వచ్చింది. తరవాత అది 2023లో మొదలైన టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో భాగమై దేశమంతటికీ విస్తరించింది. మొబైల్‌లో సిగ్నల్ ఉన్నట్టుండి పోయి గంట గడిచినా రాకపోతే నెట్‌వర్క్‌ను తిట్టుకుంటూ కూర్చోకూడదు. మరో ఫోన్ నుంచి బ్యాంకుకు ఫోన్ చేయాలి.

వేలిముద్రల ఉదంతాలు

మార్చుకోవడానికి వీల్లేని తాళంచెవి వేలిముద్ర. తెలుగు రాష్ట్రాలు ఈ విషయాన్ని ముందే చూశాయి.

ఆధార్ ఆధారిత చెల్లింపు విధానంలో పల్లెల్లో బ్యాంకు ఏజెంటు (బ్యాంకు మిత్ర) దగ్గర డబ్బు తీసుకోవడానికి మూడే కావాలి: ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వేలిముద్ర. పిన్ అక్కర్లేదు, ఓటీపీ రాదు. చదువు రానివారు, స్మార్ట్‌ఫోన్ లేనివారు తమ డబ్బు తాము తీసుకునేందుకు చేసిన మంచి ఏర్పాటు ఇది. కాని మూడింట్లో రెండు ఒకేచోట దొరికే కాగితం మన దగ్గర ఉంది. అది రిజిస్ట్రేషన్ దస్తావేజు. అమ్మినవారి, కొన్నవారి ఆధార్ సంఖ్యలు, ఫొటోలు, వేలిముద్రలు అందులోనే ఉండేవి. ఆ దస్తావేజుల నకళ్లు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడగలిగేవారు. బ్యాంకు పేరు ఊహించడం కష్టం కాదు, నాలుగైదు ప్రయత్నిస్తే తగులుతుంది.

2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్‌లు అమ్మే ఒక వ్యక్తి తెలంగాణ రిజిస్ట్రేషన్ దస్తావేజుల నుంచి వేలిముద్రలు దించి, రబ్బరు స్టాంపులు చేసే పాలిమర్ ద్రావకంతో నకిలీ ముద్రలు తయారుచేశాడు. అతను వాటిని వాడింది డబ్బు దొంగిలించడానికి కూడా కాదు. కంపెనీ పెట్టిన అమ్మకాల లక్ష్యం చేరడానికి ఊరూపేరూ తెలియని జనం పేరున వేల సిమ్‌లు చాలూ చేశాడు. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్ దస్తావేజులతో అదే పని చేసి, ఈసారి నేరుగా ఖాతాల్లోంచి డబ్బు తీసుకుంది. బాధితుల్లో చాలామందికి తమ వేలిముద్ర ఎక్కడ చిక్కిందో కూడా తెలియదు. వాళ్లు ఎవరికీ ఓటీపీ చెప్పలేదు, లింకు నొక్కలేదు. ప్రభుత్వ కార్యాలయంలో చట్టప్రకారం వేలు పెట్టారు, అంతే.

ఇక్కడ తప్పు ఖాతాదారుది కాదు. 'అప్రమత్తంగా ఉండండి' అన్న ప్రచారం ఈ రకం నష్టానికి ఏ మాత్రం అక్కరకు రాదు. దస్తావేజుల్లోని వేలిముద్రలను కప్పి ఉంచమని తరవాత కేంద్రం రాష్ట్రాలకు సూచించింది. పైనున్నది నిజమైన వేలా, పాలిమర్ పొరా అని పసిగట్టే ధ్రువీకరణ పద్ధతిని ఆధార్ సంస్థ 2023లో తెచ్చింది. ఖాతాదారు చేతిలో ఉన్న ముఖ్యమైన ఏర్పాటు బయోమెట్రిక్ లాక్. ఆధార్ వెబ్‌సైట్‌లో గాని యాప్‌లో గాని దీన్ని వేసుకుంటే ఆ వేలిముద్రతో ఎవరూ ధ్రువీకరణ చేయలేరు. రేషన్ దుకాణంలోనో మరోచోటో అవసరమైనప్పుడు కొద్దిసేపు తెరుచుకోవచ్చు. ఆధార్‌కు ఫోన్ నంబరు జతపరిచి ఉండడం, ఆ ఫోన్ వాడటం తెలిసి ఉండడం దీనికి అవసరం. నెలనెలా వేలిముద్ర వేసి బియ్యం తెచ్చుకునే ముసలమ్మకు ఇది చెప్పినంత సులువు కాదు. ఇంట్లో చదువుకున్న పిల్లలు పట్టించుకోవాల్సిన పని. నకలు ఇవ్వాల్సిన చోట మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్, సంఖ్య అడిగిన చోట పదహారంకెల వర్చువల్ ఐడీ వాడుకోవచ్చు.

మాటలతో జరిగే మోసాలు

మిగతా మోసాల్లో అధికభాగం సాంకేతిక విద్య కంటే మాట మీద నడుస్తుంది. ఆశ, భయం, తొందర, ఈ మూడింటిలో ఏదో ఒకటి ఉంటుంది.

ఓఎల్‌ఎక్స్ లాంటి చోట పాత సోఫా అమ్మకానికి పెట్టినవారికి 'డబ్బు పంపుతున్నాను, క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి' అని చెప్పే మోసం చాలాకాలం నడిచింది. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అవసరమే లేదు. పిన్ కొట్టామంటే డబ్బు పోతున్నట్టే. ఇదే మోసానికి మరో దారిగా మారిన, వ్యక్తుల మధ్య డబ్బు కోరుతూ అభ్యర్థన పంపే సదుపాయాన్ని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి ఎత్తేసింది. ఒక్క నిర్ణయంతో ఒక మోసం దారి మూసుకుపోయింది. లక్షల మందికి అవగాహన కల్పించడం కంటే ఇది ఎక్కువ ఫలితమిచ్చే పని.

వాట్సాప్‌లో వచ్చే ఏపీకే (యాప్) ఫైళ్లది మరో కథ. ట్రాఫిక్ చలాన్ అనో, పీఎం కిసాన్ అనో, పెళ్లి శుభలేఖ అనో పేరు ఉంటుంది. చాలాసార్లు అవి తెలిసినవారి నంబరు నుంచే వస్తాయి, ఎందుకంటే వాళ్ల ఫోన్ అప్పటికే చిక్కింది. ఇన్‌స్టాల్ చేస్తే అది మెసేజ్‌లు చదివే అనుమతి తీసుకుని ఓటీపీలను అవతలికి పంపుతుంది. శుభలేఖ ఎవరూ ఏపీకేగా పంపరు. ప్లే స్టోర్‌లో లేని యాప్‌ను ఫోన్‌లోకి రానివ్వకపోవడమే దీనికి మందు.

పోయిన మొత్తం లెక్కన చూస్తే పెట్టుబడి మోసాలదే పెద్ద వాటా. టెలిగ్రామ్, వాట్సాప్ గ్రూపుల్లో చేర్చి, నకిలీ ట్రేడింగ్ యాప్‌లో లాభాలు పెరుగుతున్నట్టు చూపి, మొదట చిన్న మొత్తం వెనక్కి ఇచ్చి, తరవాత లక్షలు వేయిస్తారు. బాధితుల్లో వైద్యులు, ఇంజినీర్లు, విశ్రాంత ఉద్యోగులు ఎక్కువగా కనిపిస్తారు. చదువుకు, దీనికి సంబంధం లేదు. చేతిలో నిల్వ డబ్బు ఉండడమే అర్హత. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ దగ్గర నమోదైన మధ్యవర్తుల యూపీఐ చిరునామాలకు 2025 అక్టోబరు నుంచి 'వ్యాలిడ్' అన్న ప్రత్యేక గుర్తు ఉంటోంది. డబ్బు పంపే ముందు ఆ చిరునామాను 'సెబీ చెక్' సేవలో సరిచూసుకోవచ్చు.

భయం మీద నడిచేది డిజిటల్ అరెస్టు. మీ పేరున వచ్చిన పార్సిల్‌లో మత్తుమందులు దొరికాయని, మీ ఆధార్‌తో మనీలాండరింగ్ జరిగిందని మొదలుపెట్టి, వీడియో కాల్‌లో ఖాకీ దుస్తుల మనిషిని, వెనక స్టేషన్ గోడను, నకిలీ కోర్టు ఉత్తర్వును చూపిస్తారు. గంటల తరబడి, కొన్నిసార్లు రోజుల తరబడి కెమెరా ముందు నుంచి కదలనివ్వరు. ఇంట్లోవాళ్లకు చెప్పవద్దంటారు. చివరికి 'తనిఖీ కోసం' డిపాజిట్లు విడిపించి తాము చెప్పిన ఖాతాకు పంపమంటారు. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి ఒంటరిగా బతికే పెద్దవారికి ఈ ఫోన్ చాలా ప్రమాదకరం. పక్కన కూర్చుని 'పెట్టెయ్యండి ఫోను' అనే మనిషి ఉండరు.

భారతీయ చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. 2024 అక్టోబరు 27 నాటి 'మన్ కీ బాత్'లో ప్రధాని ఈ మాటే చెప్పారు. విచారణకు రమ్మని ఇచ్చే నోటీసును పోలీసులు వాట్సాప్‌లో పంపడం చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే కోర్టు ఈ మోసాలను తనంతట తానుగా విచారణకు తీసుకుని, 2025 డిసెంబరులో దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. కోర్టు ముద్రనే నకిలీ చేసి జనాన్ని బెదిరిస్తుంటే న్యాయస్థానం కదలక తప్పలేదు.

నిజమైన బ్యాంకును గుర్తుపట్టడానికి రెండు ఆనవాళ్లు వచ్చాయి. బ్యాంకుల సేవా సంబంధమైన ఫోన్లు 1600తో మొదలయ్యే నంబర్ల నుంచి రావాలని రిజర్వు బ్యాంకు 2025లో ఆదేశించింది. బ్యాంకుల వెబ్‌సైట్లు 2025 అక్టోబరు 31 నాటికి 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' చిరునామాకు మారాలని గడువు పెట్టింది. ఆ చిరునామాలను కేటాయించే అధికారం హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని ఐడీఆర్‌బీటీ అనే సంస్థకు మాత్రమే ఉంది. మోసగాడు డబ్బు పెట్టి కొనుక్కోలేని చిరునామా ఇది. గూగుల్‌లో వెతికి మొదట కనిపించిన కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేసేవాళ్లకు మాత్రం ఇవేవీ ఉపయోగపడవు. బ్యాంకు అసలు నంబరు కార్డు వెనకాల అచ్చువేసే ఉంటుంది.

వ్యాపార సంస్థలు

వ్యాపారాల్లో దొంగిలించేది చాలాసార్లు పాస్‌వర్డ్ కాదు, అలవాటు. 2015లో ఓఎన్‌జీసీకి సౌదీ అరామ్‌కో నుంచి రావాల్సిన దాదాపు 197 కోట్ల రూపాయలు దారి మళ్లాయి. మోసగాళ్లు చేసిందల్లా కంపెనీ ఈమెయిల్ చిరునామాలో రెండక్షరాలు అటూ ఇటూ మార్చి, 'మా బ్యాంకు ఖాతా మారింది' అని రాయడమే. గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే వ్యాపారికైనా, నూలు అమ్మే మిల్లుకైనా ఇదే జరగొచ్చు. పాత సరఫరాదారు కొత్త ఖాతా సంఖ్య పంపినప్పుడు, ఆ మెయిల్‌లో ఉన్న నంబరుకు కాకుండా మన దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగాలి. ఆర్‌టీజీఎస్, నెఫ్ట్ పద్ధతుల్లో డబ్బు పంపే ముందే అవతలి ఖాతాదారు పేరు కనిపించే ఏర్పాటును బ్యాంకులు 2025 ఏప్రిల్ నాటికి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. పేరు కలవకపోతే చెల్లింపు ఆపేయాలి.

గొంతు, ముఖం విని, చూసి నమ్మే రోజులు కూడా పోయాయి. ఆరప్ అనే ఇంజినీరింగ్ సంస్థ హాంకాంగ్ కార్యాలయ ఉద్యోగి ఒకరు 2024లో వీడియో సమావేశంలో తన పైఅధికారులను చూసి సుమారు 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు బదిలీ చేశారు. ఆ సమావేశంలో కనిపించినవారంతా కృత్రిమ మేధతో తయారైన బొమ్మలు.

బ్యాంకులకూ మినహాయింపు లేదు. హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ సహకార బ్యాంకు నుంచి 2022 జనవరిలో 12.48 కోట్ల రూపాయలు వెళ్లిపోయాయి. ఉద్యోగులకు వచ్చిన నకిలీ మెయిళ్లను తెరవడంతో లోపలికి దారి దొరికింది. భద్రతా లోపాలకుగాను రిజర్వు బ్యాంకు మరుసటి ఏడు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా విధించింది.

చిన్న వ్యాపారుల దగ్గర బలహీనత వేరేచోట ఉంది. జీఎస్టీ లాగిన్, ఆదాయపన్ను పాస్‌వర్డ్, డిజిటల్ సంతకం ఉన్న పెన్‌డ్రైవ్, అన్నీ ఆడిటర్ గారి కార్యాలయంలో ఒక సొరుగులో ఉంటాయి. ఓటీపీలు అక్కడి గుమాస్తా ఫోన్‌కు వెళ్తాయి. ఆ గుమాస్తా ఉద్యోగం మానేసినా నంబరు మారదు. ఎవరో ఒకరు నమ్మకస్తులు అనుకోవడం వేరు, సంతకం చేసే అధికారాన్ని సొరుగులో వదిలేయడం వేరు. నమోదైన ఫోన్, ఈమెయిల్ యజమానివే అయి ఉండాలి. పెద్ద మొత్తం బదిలీకి ఒకరు నమోదు చేస్తే మరొకరు ఆమోదించే పద్ధతిని కరెంటు ఖాతాలకు దాదాపు అన్ని బ్యాంకులూ ఇస్తాయి. కిరాణా కొట్టులో కస్టమర్ చూపించే చెల్లింపు తెరను నమ్మకూడదు, నకిలీ తెర చూపే యాప్‌లు ఉన్నాయి. సౌండ్ బాక్స్ పలికాకో, సొంత ఖాతాలో చూసుకున్నాకో సరుకు ఇవ్వాలి. గల్లా దగ్గర అంటించిన క్యూఆర్ మీద రాత్రికి రాత్రి ఇంకొకటి అంటించి పోయేవాళ్లూ ఉన్నారు.

సైబర్ దాడి జరిగినట్టు తెలిసిన ఆరు గంటల్లో సంస్థలు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలని 2022 ఏప్రిల్ నాటి ఆదేశం చెబుతోంది. ఖాతాదారుల వివరాలు దాచుకునే సంస్థల బాధ్యతను 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం నిర్ణయించింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి.

ముఠాలు, అద్దె ఖాతాలు

ఒకప్పుడు ఈ మోసాలకు ఝార్ఖండ్‌లోని జామ్‌తాడా పేరు మారుమోగింది. ఇప్పుడు పెద్ద ముఠాలు కంబోడియా, మయన్మార్, లావోస్‌లలోని మూసిన ప్రాంగణాల నుంచి పనిచేస్తున్నాయి. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి వెళ్లి, పాస్‌పోర్టులు లాక్కోగా, మోసపు ఫోన్లు చేయక తప్పని స్థితిలో చిక్కినవారిలో తెలుగు యువకులూ ఉన్నారు. 2024లో విశాఖపట్నం పోలీసులు కంబోడియాకు మనుషులను పంపిన ఏజెంట్ల మీద కేసు పెట్టి, అక్కడ చిక్కినవారిని వెనక్కి రప్పించారు. ఫోన్‌లో మనల్ని బెదిరించే గొంతు వెనక కూడా ఒక బాధితుడు ఉండే అవకాశం ఉంది.

దొంగిలించిన డబ్బు నిలవాలంటే ఇక్కడ ఖాతాలు కావాలి. కొద్దిపాటి కమీషన్ కోసం తమ ఖాతాను, ఏటీఎం కార్డును, సిమ్‌తో సహా ఇచ్చేసే విద్యార్థులు, కూలీలు దీనికి దొరుకుతున్నారు. వీటిని మ్యూల్ ఖాతాలంటారు. ఖాతా ఇచ్చినవాడు తానేమీ చేయలేదనుకుంటాడు, పోలీసులు మొదట వచ్చేది అతని ఇంటికే. వాటిని పసిగట్టేందుకు రిజర్వు బ్యాంకు అనుబంధ సంస్థ 'మ్యూల్ హంటర్' అనే సాధనాన్ని తయారుచేసింది.

విదేశాల్లోని తెలుగువారు

అమెరికాలో చదువుకునే పిల్లలకు వలస విభాగం పేరుతో, పన్ను శాఖ పేరుతో 'మీ వీసా రద్దవుతుంది' అనే ఫోన్లు వస్తుంటాయి. తెరమీద అసలు కార్యాలయం నంబరే కనబడేలా చేయగలరు. అక్కడ తాళంచెవిలా పనిచేసే ఆనవాలు సోషల్ సెక్యూరిటీ సంఖ్య. అది పోయినా కొత్త అప్పులు పుట్టకుండా ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ సంస్థల దగ్గర క్రెడిట్ ఫ్రీజ్ పెట్టుకోవచ్చు. 2018 సెప్టెంబరు నుంచి అది ఉచితం. మన దేశంలో క్రెడిట్ సంస్థలు ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. మన పాన్‌తో ఇంకెవరైనా అప్పు తీసుకున్నారేమో అందులో తెలుస్తుంది.

డబ్బు పోయాక

మొదటి గంట కీలకం. డబ్బు ఒక ఖాతా నుంచి పదింటికి, అక్కడినుంచి ఏటీఎంకో క్రిప్టోకో చేరేలోపు జాతీయ సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేస్తే, ఆ మొత్తం ఏ ఖాతాలో ఉంటే అక్కడ నిలిపివేసే వ్యవస్థ 2021 నుంచి పనిచేస్తోంది. లావాదేవీ సంఖ్య, సమయం, మొత్తం, బ్యాంకు పేరు దగ్గర పెట్టుకుని ఫోన్ చేయాలి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. నిలిపివేసిన డబ్బును తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు. ఈ వ్యవస్థకు ఒక చేదు కోణం ఉంది. మోసపు డబ్బులో కొంత కూరగాయల బండికి చెల్లింపుగా చేరితే ఆ బండివాడి ఖాతా కూడా స్తంభించిపోవచ్చు.

బ్యాంకు ఎంత భరించాలన్నది 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు నిర్ణయించింది. లోపం బ్యాంకుదైతే ఖాతాదారుకు నష్టం ఉండకూడదు. లోపం ఇద్దరిదీ కాక మూడోచోట ఉంటే, బ్యాంకు సందేశం అందిన మూడు పనిదినాల్లో చెప్పినవారికి నష్టం లేదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే మామూలు పొదుపు ఖాతాకు గరిష్ఠంగా 10,000, పెద్ద సంస్థల కరెంటు ఖాతాకు 25,000 రూపాయలు ఖాతాదారు భరించాలి. ఖాతాదారుదే తప్పని నిరూపించాల్సిన భారం బ్యాంకు మీదే ఉంది. వేలిముద్రలు పోగొట్టుకున్న రైతు ఈ ఉత్తర్వును చూపించి అడగవచ్చు.

డిజిటల్ అరెస్టులో భయపడి తన చేతులతో తానే పంపిన డబ్బుకు ఇది వర్తించదు, ఎందుకంటే ఆ బదిలీకి ఖాతాదారు అనుమతి ఉన్నట్టే లెక్క. ఈ ఉత్తర్వులోని పెద్ద లోటు ఇది. బ్రిటన్ 2024 అక్టోబరు నుంచి అలాంటి బదిలీలకు కూడా 85,000 పౌండ్ల దాకా బ్యాంకులే చెల్లించాలని శాసించింది. డెబ్భై ఏళ్ల మనిషి ఒక్కపూటలో డిపాజిట్లన్నీ విడిపించి కొత్త ఖాతాకు పంపుతుంటే బ్యాంకు ఎందుకని అడగాల్సింది. అడగనందుకు బ్యాంకు కూడా కొంత భరించాలి.

పోయిన డబ్బు రాబట్టి ఇస్తామని, ముందు రుసుము కట్టమని బాధితులకు మళ్లీ ఫోన్లు వస్తుంటాయి. వాళ్లూ మోసగాళ్లే. 1930కు ఫోన్ చేయడానికి గాని, జాతీయ పోర్టల్‌లో ఫిర్యాదు చేయడానికి గాని ఏ రుసుమూ లేదు.